అమ్మ కమ్మలు తాకట్టు పెట్టనివ్వకు, చెల్లీ

ప్రశ్న: అక్కా, మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. బీఎస్సీ కెమిస్ట్రీ అయిపోయి ఏడాది దాటింది. అమ్మ మిర్చి సీజన్‌లో ముచ్చికలు (తొడిమలు) తీసే కూలికి పోతుంది. నాన్న ఒక అడ్తి దుకాణంలో హమాలీ. హైదరాబాద్‌లో ఒక మసాలా కంపెనీలో క్వాలిటీ ఉద్యోగం ఇప్పిస్తానని తెలిసినాయన ఒకరు 35,000 అడుగుతున్నాడు. అమ్మ తన కమ్మలు తాకట్టు పెడతానంటోంది. నాకు ఇంకో బాధ కూడా ఉంది. ఇంత చదివి మళ్ళీ ఆ మిర్చి ఘాటులోకే పోవాలా? నాకు తెలుగు రాయడం రాదు, అందుకే మరాఠీ అక్షరాల్లో రాస్తున్నాను. ఏమనుకోకండి.

సమాధానం: చెల్లీ, నీ ఉత్తరం కళ్ళతో చదివితే అర్థం కాలేదు, పైకి చదివితే అర్థమైంది. మరాఠీ అక్షరాల్లో అచ్చంగా మన ఇంటి తెలుగు. ‘ముచ్చికలు’ అనే మాటను ఆ లిపిలో చూడటం నాకు ఇదే మొదటిసారి. ఏమనుకోవడానికేముంది? బడిలో ఒక భాష, పొయ్యి దగ్గర ఇంకో భాష. సరిహద్దు ఊళ్ళలో మనమంతా ఇట్లా పెరిగినవాళ్ళమే. ఈ పనిలో అది నీకు అక్కరకొస్తుంది, ఎట్లాగో తర్వాత చెబుతాను.

ముందు కమ్మల సంగతి. ఇవ్వొద్దు. 35,000 కాదు, 3,500 కూడా ఇవ్వొద్దు. పనికి పిలిచేవాళ్ళు జీతం ఇస్తారు గానీ డిపాజిట్ అడగరు. ఆయన తెలిసినాయన అన్నావు. ఆయనకూ ఇంకెవరో ఆశ చూపించి ఉండొచ్చు, కాబట్టి తగవు పెట్టుకోకు. కంపెనీ పేరు ఏమిటని మాత్రం అడుగు. పేరు చెబితే కిరాణా దుకాణానికి పోయి ఆ కంపెనీ కారం పొట్లం తిప్పి చూడు. వెనకాల కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తుతో 14 అంకెల లైసెన్స్ నంబరు, సరుకు తయారైన చోటు చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబరు ఉంటాయి. ఆ నంబరుకు నువ్వే ఫోన్ చేసి, ఫలానా ఉద్యోగానికి మనుషులను తీసుకుంటున్నారా, డబ్బు ఏమైనా కట్టాలా అని అడుగు. ఆయన పేరే చెప్పకపోతే ఆ మాట అక్కడితో ఆపెయ్యి. అమ్మకు కూడా ఈ పేరా చదివి వినిపించు.

ఇక నీకు కాలేజీలో ఎవరూ చెప్పి ఉండని మాట ఒకటి చెబుతాను. ఆహార పదార్థాలు తయారుచేసే యూనిట్‌కు లైసెన్స్ ఇచ్చేటప్పుడు కొన్ని షరతులు పెడతారు. అందులో ఒకటి, తయారీని చూసుకోవడానికి కనీసం ఒక సాంకేతిక అర్హత ఉన్న మనిషి ఉండాలని. ఆ మనిషికి ఏ చదువు ఉండాలో కూడా అందులోనే రాసి ఉంది: కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్, మైక్రోబయాలజీలలో ఒకదానితో సైన్స్ డిగ్రీ, లేకపోతే ఫుడ్ టెక్నాలజీలో డిగ్రీ గానీ డిప్లొమా గానీ. చూశావా, నీ డిగ్రీ పేరు మొదటే ఉంది. సరుకులో చెడు పదార్థాలేమైనా ఉన్నాయా అని ఆరు నెలలకు ఒకసారైనా పరీక్ష చేయించాలన్నది ఇంకో షరతు. ఇవి కాక, పదార్థాలను ముట్టుకునే పనివాళ్ళు ప్రతి 25 మందికి ఒకరు చొప్పున ఫోస్టాక్ అనే శిక్షణ పొందిన ఆహార భద్రతా సూపర్‌వైజర్ ఉండాలి. అది ఒక్కరోజులో అయ్యే శిక్షణ, సర్టిఫికెట్ ఇస్తారు. నువ్వు పనికి పోకముందే అది చేసి పెట్టుకో. ఉద్యోగం కోసం పైసలు పెట్టాలని అంత ఉంటే ఇలాంటి దానికి పెట్టు, అది నీ చేతిలో మిగిలే కాయితం.

అంటే నిన్ను ఎవరో దయతలచి లోపలికి తీసుకుపోవాల్సిన పని లేదు. లైసెన్స్ ఉన్న మిల్లుకు నీలాంటి మనిషి కావాలి. కొన్నిచోట్ల ‘నువ్వు రానక్కర్లేదమ్మా, సర్టిఫికెట్ నకలు ఇవ్వు, నెలకు ఇంత ఇస్తాం’ అంటారు. ఒప్పుకోకు. ఎప్పుడో ఒక సరుకు పరీక్షలో తప్పితే కాయితం మీద ఉన్న పేరు నీదవుతుంది, ఆ సరుకును నువ్వు కంటితో కూడా చూసి ఉండవు.

ఇప్పుడు నీ రెండో బాధ. మళ్ళీ మిర్చి ఘాటులోకే పోవాలా అన్నావు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. మా అమ్మ చేతులు కూడా సీజన్ అంతా మండేవి. రాత్రి అన్నం కలపలేక చెంచాతో తినేది. కాబట్టి నీకు ఎక్కడ నొప్పి పుడుతోందో నాకు తెలుసు. అయినా ఒకసారి అమ్మ పని చేస్తుంటే పక్కన కూర్చుని చూడు. కాయ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఆడిస్తుంది. గింజ గలగలమంటే ఎండినట్టు, కాయ మెత్తగా వంగితే తడి ఉన్నట్టు. రంగు పోయి తెల్లబడిన కాయను చూడకుండానే వేళ్ళతో పక్కకు నెడుతుంది, తాలు అని. సంచి విప్పగానే వాసన పట్టి ఈ సరుకు మీద నీళ్ళు చల్లారు అనేస్తుంది. కాయ విరగకుండా ఉండాలనీ తూకం రావాలనీ కొందరు కాంటాకు ముందు నీళ్ళు చల్లుతారని ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు.

మసాలా కంపెనీ ల్యాబ్‌లో జరిగేది ఇదే. అమ్మ చెవితో విన్నదాన్ని అక్కడ అంకెలో రాస్తారు. మిరపకాయలో గానీ కారంలో గానీ తేమ 11 శాతం దాటకూడదన్నది మన దేశంలో ప్రమాణం. పసుపు పొడికి 10 శాతం. తేమ ఎక్కువైతే బూజు పడుతుంది, ఆ బూజులో కొన్ని రకాలు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. సుగంధ ద్రవ్యాల్లో అది కిలోకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని మన నియమం, యూరప్ వాళ్ళు మిర్చికి 10 దగ్గరే ఆపేస్తారు. మన దగ్గర పాసైన సరుకు అక్కడ వెనక్కి తిరిగి రావడానికి ఇలాంటి తేడాలే కారణం.

తేమ కొలిచే పద్ధతి గురించి ఇంటర్వ్యూలో అడిగితే చెప్పగలగాలి. ఓవెన్‌లో పెట్టి బరువు తేడా చూస్తే సరిపోదు, ఎందుకంటే మసాలా దినుసుల్లో ఆవిరయ్యే నూనెలుంటాయి, అవి కూడా పోయి లెక్క తప్పుతుంది. అందుకే టోల్యూన్ అనే ద్రావకంలో కాచి, వచ్చిన నీటిని విడిగా గొట్టంలో పట్టి కొలుస్తారు. అలా కొలిచే డీన్ స్టార్క్ పరికరం నీకు పుస్తకంలో బొమ్మగానైనా పరిచయం ఉండి ఉంటుంది. తర్వాత, పూర్తిగా కాల్చి మిగిలింది తూచే బూడిద పరీక్ష. కారంలో మొత్తం బూడిద 8 శాతం లోపు, ఆమ్లంలో కరగకుండా మిగిలేది 1.3 శాతం లోపు ఉండాలి. ఆ కరగనిది ఏమిటో తెలుసా? ఇసుక, మట్టి. కాయను టార్పాలిన్ మీద ఆరబోశారా, ఉత్త నేల మీద ఆరబోశారా అన్నది ఆ అంకెలో కనబడుతుంది. నువ్వు కళ్ళాలు చూసిన పిల్లవి, ఆ అంకె చూడగానే నీకు కళ్ళం గుర్తుకొస్తుంది. పట్నంలో ఫుడ్ టెక్నాలజీ చదివి వచ్చినవాళ్ళకు అది రావడానికి ఏళ్ళు పడుతుంది.

పసుపులో ఆ రంగునిచ్చే కర్కుమిన్ 2 శాతానికి తగ్గకూడదు, మెరుపు కోసం కలిపే లెడ్ క్రోమేట్ అసలు ఉండకూడదు. అందులో ఉండేది సీసం, పిల్లల మెదడును దెబ్బ తీస్తుంది. ఎర్రగా కనబడాలని కారంలో కలిపే సూడాన్ అనే నిషేధిత రంగు సంగతి కూడా చదువుకో. 2003లో యూరప్‌లో భారతదేశపు కారంలో ఆ రంగు దొరికి పెద్ద గొడవ అయింది. గ్లాసు నీళ్ళలో కారం చల్లి చూసే ఇంటి పరీక్షలో నీళ్ళలో కరిగే రంగులు గీతలుగా దిగడం కనిపిస్తుంది. సూడాన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది, కాబట్టి ఆ పరీక్షకు దొరకదు. దానికి పదార్థాలను విడదీసి గుర్తుపట్టే హెచ్‌పీఎల్‌సీ యంత్రం కావాలి. ఎందుకు దొరకదో నీ మాటల్లో చెప్పగలిగావంటే, ఎదుట కూర్చున్న మనిషికి నువ్వు కెమిస్ట్రీ బట్టీ పట్టలేదని తెలిసిపోతుంది.

అందుకని నీకు ఒక పని చెబుతున్నా. ఒక నోటుబుక్కు కొనుక్కో. గ్రాముల్లో తూచే చిన్న కాంటా ఒకటి సంపాదించు. ఈ సీజన్‌లో అమ్మ కూర్చునే చోట ప్రతి కొత్త సరుకు నుంచి మేస్త్రీని అడిగి 100 గ్రాముల కాయ తీసుకో. ఒక్క సంచి పైనుంచి తీయకు, నాలుగైదు సంచుల్లో అడుగు, నడుమ, పైన కలిపి తీయి. అందులో తాలు ఎంత, విరిగిన కాయ ఎంత, ఊడిన గింజ ఎంత, ముచ్చికలు ఎంత, చెత్త ఎంత అని విడదీసి తూచి రాయి. పక్కన రకం పేరు, ఏ ఊరి సరుకు, తేదీ రాయి. తేమ గురించి అమ్మ ఏమందో ఆమె మాటల్లోనే రాయి. రెండు నెలలకు యాభై పేజీలు అవుతాయి. కంపెనీల్లో వచ్చిన సరుకును దింపుకునే ముందు చేసే పరీక్ష మొదటి మెట్టు ఇదే. బయోడేటాలో ‘కష్టపడి పనిచేస్తాను’ అని అందరూ రాస్తారు. ఆ నోటుబుక్కు బల్ల మీద పెట్టగలిగేది నువ్వొక్కదానివే.

పని వెతికే కాలం కూడా ఉంటుంది. కొత్త మిర్చి సంక్రాంతి తర్వాత జోరందుకుని ఎండాకాలం దాకా వస్తుంది. నిజామాబాద్ మార్కెట్‌కు పసుపు కూడా ఫిబ్రవరి నుంచి మే దాకా ఎక్కువగా దిగుతుంది. మిల్లులు ఏడాదికి సరిపడా సరుకు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకునేది ఆ నెలల్లోనే. అప్పుడు చేతులు చాలవు. కాబట్టి డిసెంబరు, జనవరిలో గేటు దగ్గరికి పోయి అడగాలి. జూలైలో పోతే రిజిస్టరులో పేరు రాసి పంపించేస్తారు.

ఏ గేటుకు పోవాలో పొట్లాలే చెబుతాయి. మీ ఊళ్ళో, ధర్మాబాద్‌లో, నాందేడ్‌లో దుకాణాల్లో కారం, పసుపు, గరం మసాలా, పచ్చడి, అప్పడాల పొట్లాల వెనక తయారైన చోటు చిరునామాలు రాసుకో. దుకాణదారు ఏమనుకుంటాడో అని మొహమాటపడకు, ఒక చిన్న పొట్లం కొనుక్కుని అడుగు. నీ రైలు దారిలో ఉన్నవి ముందు: ఇటు బాసర దాటితే నిజామాబాద్, అటు ఉమ్రీ, ముద్ఖేడ్ మీదుగా నాందేడ్. పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రాగలిగిన చోట మొదటి సీజన్ గడిపితే అమ్మానాన్నలకు నిద్ర పడుతుంది, నీకు అనుభవం వస్తుంది. హైదరాబాద్ ఎక్కడికీ పోదు. ఏడాది అనుభవంతో పోయినప్పుడు నువ్వు అడిగే జీతం వేరుగా ఉంటుంది.

భాష సంగతి చెబుతానన్నాను కదా. ఈ వ్యాపారంలో రైతు తెలుగులో మాట్లాడతాడు, గుమస్తా మరాఠీలో రాస్తాడు, లారీ డ్రైవరుకు హిందీ కావాలి. మూడూ వచ్చిన మనిషిని ల్యాబ్‌లోనే కాదు, కొనుగోళ్ళకు కూడా తీసుకుంటారు. మార్కెట్‌లో సరుకు చూసి నమూనా తీసి, ఇది కొనొచ్చు ఇది వద్దు అని చెప్పే పని అది. ఆడపిల్లలు ఆ పనిలో తక్కువ. అవకాశం వస్తే వదలకు. తెలుగు అక్షరాలు కూడా ఒక నెల కూర్చుని నేర్చుకో, మాట వచ్చినదానికి లిపి బరువు కాదు.

ఇప్పుడు నా జీవితంలోది ఒకటి చెప్పాలి, చెప్పకపోతే పైన రాసినదంతా సగమే అవుతుంది. నేను పనిలో చేరిన రెండో ఏడు, ఒక మిల్లులో తేమ పరీక్షలు నేనే రాసేదాన్ని. ఒక లాట్‌కు 13 దాటి వచ్చింది. లారీ బయట నిలబడి ఉంది. ‘10 అని రాయమ్మా, ఎండకు ఎట్లాగూ ఆరిపోతుంది’ అన్నారు. ఉద్యోగం పోతుందని భయపడి రాశాను. వానలు పడ్డాక ఆ సంచులు విప్పితే లోపల కాయ నల్లబడి, నూలుపోగుల్లా బూజు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బయటికి మోసినవాళ్ళు మీ నాన్నలాంటి హమాలీలు. నష్టం అంతా సరుకు దింపిన మేస్త్రీ మీదకు పోయింది, ఆయన్ను పనిలోంచి తీసేశారు. నా సంతకం ఉన్న కాయితం ఎవరూ తీసి చూడలేదు. నేను కూడా నోరు తెరవలేదు. ఆ మేస్త్రీ తర్వాత ఎక్కడ పనిచేశాడో కూడా నాకు తెలియదు. అప్పటి నుంచి వచ్చిన అంకెనే రాస్తున్నాను. రెండుసార్లు ఉద్యోగం మారాల్సి వచ్చింది, అయినా రాస్తున్నాను. నీకూ అట్లాంటి రోజు వస్తుంది. అప్పుడు అంకె మార్చకు. ‘ఇంకో రోజు ఆరబెట్టి మళ్ళీ పరీక్ష చేస్తాను’ అని చెప్పు. చాలామంది యజమానులు ఆ మాటకు ఒప్పుకుంటారు, ఎందుకంటే సరుకు వెనక్కి వస్తే పోయేది వాళ్ళ డబ్బే.

ఘాటు గురించి. గ్రైండింగ్ గది పక్కన పనిచేస్తే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొంగు, దస్తీ చాలవు. ఎన్95 మాస్క్, కళ్ళద్దాలు అడుగు. ఇవ్వకపోతే మొదటి జీతం దాకా సొంతంగా కొనుక్కో, మళ్ళీ అడుగు. చేతులు మండితే నీళ్ళతో కడిగినంత మాత్రాన పోదు, మంట పుట్టించే కాప్సైసిన్ నూనెలో కరుగుతుంది. ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బు పెట్టి కడగాలి. పనికి కూర్చునే ముందు అమ్మవాళ్ళు చేతులకు నూనె రాసుకునేది ఎందుకో ఇప్పుడు నీ కెమిస్ట్రీతో ఆమెకు చెప్పు.

చేరేటప్పుడు నియామక పత్రం అడుగు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం అది ఇవ్వాల్సిందే. జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది, నీ జీతంలోంచి పోయేది 0.75 శాతమే, వైద్యం నీకూ, నీ మీద ఆధారపడ్డ ఇంటివాళ్ళకూ. పీఎఫ్ కోస్తున్నారంటే యూఏఎన్ అనే నీ పీఎఫ్ నంబరు తీసుకుని నీ ఫోన్‌లో చూసుకో, కోసినది జమ అవుతోందా అని. మహారాష్ట్రలో మొదలుపెట్టి తెలంగాణకు మారినా ఆ నంబరు అదే ఉంటుంది. షిఫ్టు వేళలు, రాత్రి పని ఉంటే ఇంటికి దింపే బండి, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, ఈ మూడూ సిగ్గుపడకుండా ముందే అడుగు. గేటు దగ్గర సాయంత్రం పని విడిచే వేళ నిలబడి బయటికొచ్చే ఆడవాళ్ళను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

ఇంకా చదవాలనిపిస్తే పర్భణీలోని వసంతరావ్ నాయక్ మరాఠ్వాడా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉంది, నాందేడ్ నుంచి రైలు దారే. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ కొద్ది రోజుల కోర్సులు పెడుతుంది. ప్రభుత్వంలో ఆహార భద్రతా అధికారి కావాలని ఉంటే ఒట్టి బీఎస్సీ కెమిస్ట్రీ చాలదు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తే అర్హత వస్తుంది. మిర్చి నుంచి, పసుపు నుంచి సారం తీసే ఓలియోరెసిన్ ఫ్యాక్టరీలకు కెమిస్ట్రీ చదివినవాళ్ళు ఎక్కువగా కావాలి, కేరళలో కొచ్చి చుట్టుపక్కల ఇవి ఎక్కువ. అవన్నీ రెండు మూడేళ్ళ తర్వాతి సంగతులు. సొంతంగా కాండప్ గిర్నీ (కారం, మసాలా దంచే గిర్నీ) పెట్టుకోవచ్చా అని అమ్మ ఎప్పుడైనా అడిగితే, 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర పథకంలో బ్యాంకు రుణంతో పెట్టే చిన్న ఆహార యూనిట్లకు ఖర్చులో 35 శాతం, 10 లక్షలు మించకుండా సబ్సిడీ ఉందని, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అని జిల్లా వ్యవసాయ కార్యాలయంలో అడగమని చెప్పు. కానీ నువ్వు ముందు ఇతరుల మిల్లులో నేర్చుకో.

సంక్రాంతి దాకా ఇంకా కొన్ని వారాలున్నాయి. ఈలోపు ఫోస్టాక్ శిక్షణ ఎక్కడ దగ్గరో చూసుకో, పొట్లాల మీది చిరునామాలు పోగు చెయ్యి. కొత్త కాయ దిగిన రోజు నోటుబుక్కు మొదటి పేజీ రాసి, ఫొటో తీసి నాకు పంపు. మరాఠీ అక్షరాల్లో రాసినా సరే, పైకి చదువుకుంటాను.